ద్వీపాల బడులకు గురువులు ఎక్కడి నుంచి? గడువుల మధ్య అండమాన్ ఉపాధ్యాయ విద్య

దేశంలోని ఉపాధ్యాయ విద్యాసంస్థలన్నింటికీ 2030 గడువు సంవత్సరం. బడిలో పాఠం చెప్పేవారికి నాలుగేళ్ల సమీకృత బీఈడీ కనీస అర్హత కావాలనీ, బీఈడీ ఒక్కటే నడిపే ఏకాంత కళాశాలలు ఆలోగా బహుళ శాస్త్రాల విద్యాసంస్థలుగా మారాలనీ 2020 నాటి జాతీయ విద్యా విధానం నిర్దేశించింది. ప్రధాన భూభాగంలో ఈ మార్పు ఒక కళాశాలను దెబ్బతీస్తే పక్క ఊళ్లో మరొకటి ఉంటుంది. బంగాళాఖాతంలో తీరానికి వెయ్యికి పైగా కిలోమీటర్ల దూరాన ఉన్న అండమాన్ నికోబార్ ద్వీపాలకు ఆ వెసులుబాటు లేదు. అక్కడ ఉపాధ్యాయ శిక్షణ భారాన్ని ప్రధానంగా మోస్తున్నది శ్రీవిజయపురంలోని టాగూర్ ప్రభుత్వ విద్యా కళాశాల. 2024 సెప్టెంబర్ వరకు పోర్ట్ బ్లెయిర్‌గా మనం పిలుచుకున్న పట్టణమే ఈ శ్రీవిజయపురం. ఆ కళాశాల ఏ దారిన సాగుతుందన్న దానిపై ద్వీపాల్లోని పిల్లల చదువు చాలావరకు ఆధారపడి ఉంది. వారిలో తెలుగు పిల్లలూ ఉన్నారు.

తెలుగువారి సంఖ్యను ముందుగా చెప్పుకోవాలి. 2011 జనగణన ప్రకారం ద్వీపాల జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా నమోదు చేసుకున్నవారు 13 శాతానికి పైగా ఉన్నారు. అంటే దాదాపు 50 వేల మంది. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాతి స్థానం తెలుగుదే. శ్రీకాకుళం, విశాఖపట్నం, తూర్పు గోదావరి తీరాల నుంచి చేపల వేటకు, కూలి పనులకు, చిన్న వ్యాపారాలకు తరలివెళ్లిన కుటుంబాల రెండో తరం, మూడో తరం ఇప్పుడు అక్కడ చదువుకుంటోంది. ద్వీపాల ప్రభుత్వ బడుల్లో హిందీ, ఇంగ్లీషు, బెంగాలీ, తమిళ మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమానికీ చోటుంది. ప్రాథమిక దశలో భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధన సదుపాయం కల్పించేందుకు ప్రయత్నించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతోంది. సాధ్యమైనంత వరకు పిల్లల మాతృభాషలోనే బోధన సాగాలన్నది 2009 విద్యాహక్కు చట్టం మాట. చట్టాలు ఇంత స్పష్టంగా ఉన్నా, తెలుగులో గణితం, పరిసరాల విజ్ఞానం చెప్పగల శిక్షితుడైన ఉపాధ్యాయుడు లేకపోతే తెలుగు మాధ్యమం అన్న మాట పాఠశాల పలక మీదనే మిగిలిపోతుంది.

ఆ ఉపాధ్యాయుణ్ణి తయారుచేసే వ్యవస్థ ద్వీపాల్లో ఎలా ఏర్పడిందో చూస్తే ఒక విచిత్రమైన పటం కనిపిస్తుంది. ద్వీపాల్లో ఉన్నత విద్యకు మొదటి పెద్ద మెట్టు 1967లో నెలకొల్పిన జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయం. సముద్రం మధ్యనున్న ఆ కళాశాలను మొదట్లో అనుబంధించినది చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయానికి. సముద్రమే లేని నగరం నుంచి ద్వీపాలకు ప్రశ్నపత్రాలు వచ్చిన కాలమది. 1985లో పార్లమెంటు చట్టంతో పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఏర్పడి, ద్వీపాలు దాని పరిధిలోకి వచ్చాక పరిస్థితి కొంత మెరుగుపడింది. టాగూర్ విద్యా కళాశాల కూడా ఆ కేంద్రీయ విశ్వవిద్యాలయానికే అనుబంధం. యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం కనుక, అక్కడి తెలుగు విద్యార్థికీ అండమాన్ తెలుగు విద్యార్థికీ విశ్వవిద్యాలయం ఒకటే. ఈ సంగతి మన తెలుగు రాష్ట్రాల్లో చాలామందికి తెలియదు.

పటం అంతటితో ముగియదు. ద్వీపాల బడులు కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి, అంటే సీబీఎస్ఈ పాఠ్యప్రణాళికను అనుసరిస్తాయి. సీబీఎస్ఈ వ్యవహారాల్లో ద్వీపాలు చాలాకాలంగా చెన్నై ప్రాంతంలో ఉన్నాయి. న్యాయ వ్యవహారాల్లో కలకత్తా ఉన్నత న్యాయస్థానం కింద ఉన్నాయి. ఎన్‌సీఈఆర్‌టీకి చెందిన ప్రాంతీయ విద్యాసంస్థల విషయానికి వస్తే, ఒడిశా, బిహార్, ఝార్ఖండ్, పశ్చిమ బెంగాల్‌లతో కలిపి ద్వీపాలను భువనేశ్వర్ సంస్థ పరిధిలో చేర్చారు. 1963లో ప్రారంభమైన ఆ సంస్థకు సమీకృత ఉపాధ్యాయ విద్యలో సుదీర్ఘ అనుభవం ఉంది. అయితే దాని చుట్టూ ఉన్నది ప్రధానంగా ఒడియా, బెంగాలీ, హిందీ భాషల సీమ. దక్షిణాది భాషల ప్రాంతాలను చూసేది మైసూరు సంస్థ. మంచి సమీకృత బీఈడీ చదవాలనుకునే అండమాన్ తెలుగు విద్యార్థినికి పరిపాలనా పటం భువనేశ్వర్‌ను చూపిస్తుంది, భాష మైసూరును చూపిస్తుంది. విశ్వవిద్యాలయం పుదుచ్చేరిలో ఉంది. బంధువులుండే విశాఖకు ఓడలో వెళ్లాలంటే రెండున్నర రోజులు.

ఈ పంపకంలో కళాశాలకు ముగ్గురు యజమానులు తయారయ్యారు. పాఠ్యప్రణాళిక, పరీక్షలు, పట్టా విశ్వవిద్యాలయం చేతిలో ఉంటాయి. అధ్యాపక పదవులు, భవనాలు, నిధులు ద్వీపాల పరిపాలనా యంత్రాంగం చూస్తుంది. కోర్సుకు గుర్తింపు ఇవ్వడం, సీట్ల సంఖ్య నిర్ణయించడం జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, అంటే ఎన్‌సీటీఈ అధికారం. ముగ్గురూ కలిసి కూర్చుంటే తప్ప ఒక చిన్న మార్పయినా జరగదు. ఉదాహరణకు, తెలుగు బోధన పద్ధతిని ఐచ్ఛికంగా బలంగా నడపాలంటే విశ్వవిద్యాలయం సిలబస్ ఆమోదించాలి, పరిపాలన అధ్యాపకుణ్ణి నియమించాలి, ఎన్‌సీటీఈ ప్రమాణాలకు ఆ నియామకం సరిపోవాలి. ఏటా ఆ ఐచ్ఛికాన్ని ఎంచుకునేవారు చేతివేళ్లపై లెక్కపెట్టగలిగినంత మందే ఉంటే ఈ మూడు తాళాలూ తెరిచే ఓపిక ఎవరికి ఉంటుంది?

విశ్వవిద్యాలయ స్థాయి విద్యాశాస్త్ర విభాగాల ఆవశ్యకతను మన దేశంలో మొదట గట్టిగా చెప్పినది 1964-66 నాటి కొఠారీ కమిషన్. ఉపాధ్యాయ శిక్షణ మూడు విధాల ఒంటరితనంతో బాధపడుతోందని ఆ కమిషన్ గుర్తించింది. శిక్షణ కళాశాలకు విశ్వవిద్యాలయ జీవితంతో సంబంధం లేదు, బడితో సంబంధం లేదు, సాటి శిక్షణ సంస్థలతోనూ సంబంధం లేదు. అందుకే ఎంపిక చేసిన విశ్వవిద్యాలయాల్లో పూర్తిస్థాయి విద్యాశాస్త్ర విభాగాలు ఏర్పరచి, శిక్షణను పరిశోధనతో ముడివేయాలని సూచించింది. దాదాపు అర్ధ శతాబ్దం తర్వాత, 2012లో జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ నివేదిక వచ్చినప్పుడు పరిస్థితి ఇంకా దిగజారి ఉంది. ఉపాధ్యాయ శిక్షణ సంస్థల్లో దాదాపు 90 శాతం ప్రైవేటు చేతుల్లోకి వెళ్లాయి. పది వేలకు పైగా ఉన్న ఏకాంత సంస్థల్లో అధిక భాగం శిక్షణను పట్టించుకోకుండా పట్టాల వ్యాపారం చేస్తున్నాయన్న అభిప్రాయాన్ని జాతీయ విద్యా విధానం ఆ కమిషన్ పేరు చెప్పి మరీ ఉటంకించింది. తరగతికి రాకుండానే హాజరు పడే బీఈడీ కళాశాలల గురించి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠకులకు వేరే చెప్పనవసరం లేదు.

ఆ కోణంలో చూస్తే అండమాన్ కళాశాలకు ఒక బలం ఉంది. అది ప్రభుత్వ కళాశాల. స్థానికంగా ఉపాధ్యాయులు కావాలన్న అవసరం నుంచి పుట్టింది. దాని పట్టభద్రులు పనిచేసేదీ ఎక్కువగా ఆ ద్వీపాల బడుల్లోనే. మరి ఏకాంత కళాశాలలను సంస్కరించాలన్న నియమం పట్టాల దుకాణాలను ఉద్దేశించినదైనా, దెబ్బ మాత్రం ఇలాంటి సంస్థకూ తగులుతుంది. ఒకే కొలబద్దతో దేశమంతా కొలవాలనుకున్నప్పుడు వచ్చే చిక్కు ఇదే.

కొలబద్ద ఎలా ఉందో కొన్ని వివరాల్లో చూడవచ్చు. ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం బీఈడీకి ఒక యూనిట్ అంటే 50 మంది విద్యార్థులు. యూనిట్లను బట్టి అధ్యాపకుల సంఖ్య ఉండాలి. విద్యామూలాలు, మనస్తత్వశాస్త్రం, గణితం, సామాన్యశాస్త్రం, సాంఘికశాస్త్రం, భాషలు, కళలు, వ్యాయామవిద్య, ఇలా అన్ని బోధన రంగాలకూ మనుషులు కావాలి. 2015-16 నుంచి కోర్సు రెండేళ్లయింది. అందులో 20 వారాలు బడిలో గడపాలి. ప్రధాన భూభాగంలోని పట్టణంలో 20 వారాల బడి అనుభవం అంటే నాలుగు వీధుల అవతలి ఉన్నత పాఠశాల. ద్వీపాల్లో అది నిజంగా అర్థవంతం కావాలంటే శిక్షణార్థి రంగత్‌కో, మాయాబందర్‌కో, హట్‌బేకో, కార్ నికోబార్‌కో వెళ్లాలి. ఓడ ప్రయాణం, వసతి, వాతావరణం అనుకూలించని రోజులు, వీటన్నింటికీ లెక్క వేయాలి. ఖర్చు భయంతో శిక్షణార్థులందరినీ రాజధాని బడులకే పరిమితం చేస్తే, ఉద్యోగం వచ్చాక వారు చేరబోయే బడి ఎలా ఉంటుందో వారికి శిక్షణ కాలంలో ఎన్నడూ తెలియదు.

నివాసమున్న ద్వీపాలు ముప్పైకి పైగా ఉన్నాయి. చిన్న ద్వీపాల బడుల్లో పిల్లలు తక్కువ, ఉపాధ్యాయులు ఇంకా తక్కువ. ఒకే గదిలో రెండు మూడు తరగతులు కూర్చోవడం, ఆ పిల్లల ఇంటి భాషలు రెండు మూడు రకాలుగా ఉండడం అక్కడ వింత కాదు. అయినా బీఈడీ పాఠ్యపుస్తకం ఊహించే తరగతి గది వేరు. ఒక తరగతి, ఒక భాష, ఒక ఉపాధ్యాయుడు, ఒక పాఠ్యపథకం. బహుళ తరగతుల బోధనలో దేశానికే దారి చూపిన ప్రయోగం తెలుగు నేలపైనే జరిగింది. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం, పద్మనాభరావు, రమ దంపతుల ఆధ్వర్యంలో, ఒకే ఉపాధ్యాయుడున్న పల్లె బడుల కోసం అభ్యాస కార్డులతో కూడిన పద్ధతిని 1980ల చివరి నుంచి అభివృద్ధి చేసింది. తరగతితో నిమిత్తం లేకుండా ప్రతి పిల్లవాడూ తన మెట్టు నుంచి మొదలుపెట్టి నిచ్చెన ఎక్కుతాడు. 2003లో చెన్నై నగరపాలక సంస్థ బడులు ఆ పద్ధతిని అందుకుని తమిళనాడంతటికీ పాకించాయి. ఆ కార్డులకు మొదటి భాష తెలుగు. అండమాన్ తెలుగు మాధ్యమ బడికి ఇంతకంటే దగ్గరి సామగ్రి ఏముంటుంది? విద్యా కళాశాలకు సొంత పరిశోధన విభాగం ఉంటే ఇలాంటివి వెదికి, ద్వీపాల పరిస్థితికి తగినట్లు మలచే పని దానిదే అయ్యేది.

స్థానికుడే గురువు కావడంలోని బలాన్ని నికోబార్ చరిత్ర చక్కగా చూపిస్తుంది. 19వ శతాబ్ది చివరి సంవత్సరాల్లో వేదప్పన్ సోలమన్ అనే తమిళ మతబోధకుడు కార్ నికోబార్‌లోని ముస్ గ్రామంలో బడి పెట్టాడు. అక్కడ చదువుకుని, బర్మా వెళ్లి పై చదువులు చదివి తిరిగివచ్చిన నికోబారీ యువకుడు జాన్ రిచర్డ్‌సన్ అదే ద్వీపంలో ఉపాధ్యాయుడయ్యాడు. నికోబారీ భాషకు రాతలో స్థిరత్వం తెచ్చిన కృషిలో ఆయన పాత్ర పెద్దది. ఆయన తరవాత బిషప్ అయ్యారు, 1952లో తొలి లోక్‌సభకు నామినేట్ అయ్యారు. ద్వీపవాసులు మాత్రం ఆయనను ముందుగా గురువుగానే తలచుకుంటారు. బయటి నుంచి వచ్చిన గురువు బడిని తెరిచాడు. దాన్ని సమాజంలో పాతుకునేలా చేసినవాడు సొంత భాష తెలిసిన గురువు.

ఇక ఇటీవలి న్యాయస్థాన తీర్పులు. 2018 జూన్‌లో ఎన్‌సీటీఈ ఒక ప్రకటన ద్వారా బీఈడీ చేసినవారు కూడా ఒకటి నుంచి అయిదు తరగతులకు బోధించవచ్చని అనుమతించింది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు దాన్ని చెల్లదని తేల్చింది. ప్రాథమిక బడికి డీఎల్‌ఈడీ వంటి ప్రత్యేక శిక్షణే అర్హత అని, పసిపిల్లలకు చెప్పే నేర్పు వేరు, పెద్ద తరగతులకు చెప్పే నేర్పు వేరు అని స్పష్టం చేసింది. ఆ తేదీకి ముందు నియమితులైనవారికి తర్వాత రక్షణ లభించింది. తీర్పులోని తర్కం సరైనదే. అయితే ఉపాధ్యాయ ఉద్యోగమంటే బీఈడీయే అనుకుని పెరిగిన ద్వీపాల యువతకు దీని అర్థం, ప్రాథమిక బడి తలుపు వేరే తాళంచెవితో తెరుచుకుంటుందని. తెలుగు మాధ్యమం ఎక్కువగా అవసరమయ్యేది ఆ ప్రాథమిక దశలోనే.

2025 సెప్టెంబర్ 1న వచ్చిన మరో తీర్పు ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవారిని తాకింది. పదవీ విరమణకు అయిదేళ్లకు మించి సమయం ఉన్న ఉపాధ్యాయులు రెండేళ్లలో ఉపాధ్యాయ అర్హత పరీక్ష, అంటే టెట్ ఉత్తీర్ణులు కావాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. అయిదేళ్ల లోపు ఉన్నవారు కొనసాగవచ్చు గాని, టెట్ లేనిదే పదోన్నతి ఉండదు. పలు రాష్ట్రాలు పునఃసమీక్ష కోరాయి. తెలుగు రాష్ట్రాల్లో ఈ తీర్పుపై ఉపాధ్యాయ సంఘాలు విస్తృతంగా చర్చించాయి. అండమాన్ తెలుగు ఉపాధ్యాయుడి ఇబ్బందిలో ఇంకొక మెలిక ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో టెట్ తెలుగులో రాయవచ్చు. ద్వీపాల్లో ప్రమాణంగా తీసుకునేది సీబీఎస్ఈ నిర్వహించే సీటెట్. అందులో భాషల విభాగంలో తెలుగును ఎంచుకోవచ్చు. శిశు వికాసం, గణితం, పరిసరాల విజ్ఞానం ప్రశ్నలు మాత్రం హిందీ, ఇంగ్లీషుల్లోనే ఉంటాయి. ఇరవై ఏళ్లుగా తెలుగులో భిన్నాలు, దశాంశాలు చెబుతూ వచ్చిన ఉపాధ్యాయురాలు తన అర్హతను హిందీలోనో ఇంగ్లీషులోనో నిరూపించుకోవాలి. పాఠం చెప్పే భాషలో పరీక్ష రాసే హక్కు గురించి దేశంలో పెద్దగా చర్చ జరగకపోవడం ఆశ్చర్యమే.

అలాగని గుణపరీక్ష వద్దనడం సబబు కాదు. విద్యాశాస్త్ర విభాగానికి పేరు ఎలా వస్తుందన్న ప్రశ్న ఇక్కడే ముందుకు వస్తుంది. కేంద్ర విద్యాశాఖ ఏటా ప్రకటించే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో ఇంజినీరింగ్, వైద్యం, న్యాయం, ఔషధశాస్త్రం, వాస్తుశిల్పం, వ్యవసాయం వంటి విభాగాలున్నాయి. ఉపాధ్యాయ విద్యకు ప్రత్యేక విభాగం లేదు. దేశంలో లక్షలాది యువత చదివే కోర్సు ఎక్కడ బాగుందో చెప్పే జాతీయ పట్టిక లేనందున, విద్యార్థులు ఫీజును, పాస్ శాతాన్ని, హాజరు విషయంలో పట్టువిడుపును చూసి కళాశాలను ఎంచుకుంటున్నారు. ఎన్‌సీటీఈ ఇటీవల ప్రతి సంస్థ నుంచి వార్షిక పనితీరు నివేదిక కోరుతోంది. ఇవ్వనివారికి నోటీసులు జారీ చేస్తోంది. కాగితం మీద ఉండి క్షేత్రంలో లేని కళాశాలలను ఏరివేయడానికి ఇది పనికివస్తుంది. అంతకు మించి, పట్టభద్రుడు బడిలో ఎలా పనిచేస్తున్నాడన్నది ఏ నివేదికలోనూ పట్టుబడదు.

ప్రపంచ ర్యాంకుల్లో విద్యాశాస్త్రానికి పదేళ్లకు పైగా మొదటి స్థానంలో కనిపించిన సంస్థ లండన్‌లోని యూసీఎల్ విద్యాసంస్థ. అది 1902లో మొదలైనది లండన్ నగర బడులకు ఉపాధ్యాయులను తయారుచేసే పగటి శిక్షణ కళాశాలగా. ఒక నగరపు అవసరం తీర్చడం దాని తొలి పని. పరిశోధన, విదేశీ విద్యార్థులు, ఖ్యాతి ఆ తర్వాత వచ్చాయి. అండమాన్‌కు మరింత దగ్గరి పోలిక పసిఫిక్‌లో ఉంది. 1968లో ఫిజీలో ప్రధాన ప్రాంగణంతో ఏర్పడిన దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయం పన్నెండు ద్వీప దేశాల ఉమ్మడి సొత్తు. సభ్యదేశాల్లో దానికి ప్రాంగణాలున్నాయి, దూరవిద్య దాని ప్రాణం. చెదురుమదురు ద్వీపాల్లో, బహుభాషల బడుల్లో పనిచేసే గురువులను తయారుచేయడం దాని ప్రధాన బాధ్యతల్లో ఒకటి. చక్కెర తోటల కూలీలుగా వెళ్లిన తెలుగువారి వారసులు ఉన్న దేశం కూడా ఫిజీ. దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం పేరిట 1941 నుంచి వారికి సొంత సంస్థ ఉంది. చిన్న ద్వీపానికి చిన్న కళాశాలే గతి అనుకోనక్కరలేదని, ఎన్నో ద్వీపాలు కలిస్తే పెద్ద విశ్వవిద్యాలయం నడుస్తుందని అక్కడి అనుభవం చెబుతోంది.

మన దగ్గర ద్వీపాలకు సొంత విశ్వవిద్యాలయం కావాలన్న కోరిక పాతదే. అది కేంద్రీయ విశ్వవిద్యాలయం కావాలా, మరో రూపంలో ఉండాలా అన్న వాదనలు సాగుతున్నాయి. సొంత విశ్వవిద్యాలయం వస్తే సిలబస్ స్థానికమవుతుంది, ఫలితాల కోసం ఎదురుచూపులు తగ్గుతాయి. మరోవైపు కేంద్రీయ విశ్వవిద్యాలయ పట్టాకు ప్రధాన భూభాగంలో ఉన్న మన్ననను వదులుకోవడానికి విద్యార్థులు జంకడం సహజం. పేరుకు విలువ ఎంత అన్నది ఉద్యోగం వెదికే యువకుడికి సిద్ధాంత చర్చ కాదు. కాకినాడలోనో హైదరాబాద్‌లోనో ఇంటర్వ్యూకు కూర్చున్నప్పుడు పట్టా మీద ఏ ముద్ర ఉందో అవతలివారు చూస్తారు.

విశ్వవిద్యాలయం మాట ఎప్పుడు తేలినా, 2030 గడువుకు సంబంధించి దగ్గరలోనే ఒక దారి కనిపిస్తోంది. బహుళ శాస్త్రాల సంస్థగా మారడమంటే విద్యా కళాశాల కొత్తగా భౌతికశాస్త్ర ప్రయోగశాల కట్టుకోనక్కరలేదు. అదే పట్టణంలో ఆర్ట్స్, సైన్స్ విభాగాలున్న జవహర్‌లాల్ నెహ్రూ మహావిద్యాలయం ఉంది. రెండూ ప్రభుత్వానివే, రెండూ ఒకే విశ్వవిద్యాలయానికి అనుబంధమైనవే. సమీపంలోని కళాశాలలు పరస్పర సహకారంతోనో విలీనంతోనో గడువును అందుకోవడానికి ఎన్‌సీటీఈ మార్గదర్శకాలు వీలు కల్పిస్తున్నాయి. 2023-24లో 57 సంస్థలతో ప్రయోగాత్మకంగా మొదలైన నాలుగేళ్ల సమీకృత కోర్సు, ఐటీఈపీ, ఇలాంటి జంట ఏర్పాటుకు సరిగ్గా సరిపోతుంది. విద్యార్థి ఒకచోట గణితమో చరిత్రో చదువుతాడు, మరొకచోట బోధన నేర్చుకుంటాడు. ఐటీఈపీలో ప్రాథమిక దశల కోసం వేరే శాఖలు ఉండడం వల్ల, 2023 తీర్పు మూసిన తలుపు కూడా కొంత తెరుచుకుంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఐటీఈపీలో చేరికకు జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష ఉంది. తెలుగుతో సహా 13 భాషల్లో దాన్ని నిర్వహించడం హర్షణీయం. అయితే 50 సీట్లున్న ద్వీప కళాశాలలోకి దేశం నలుమూలల నుంచి ర్యాంకుల వారీగా విద్యార్థులు వచ్చి, పట్టా చేతికి రాగానే ఓడ ఎక్కితే, ద్వీపాల బడులకు మిగిలేది ఏమిటి? స్థానిక కోటాను, నికోబారీ గిరిజన విద్యార్థుల వాటాను కోర్సు మొదలయ్యే ముందే నిర్ణయించుకోవాలి. కోర్సు మొదలయ్యాక కోటాలు మార్చడం ఎంత కష్టమో వైద్యవిద్యలో చూశాం.

తెలుగు బోధన పద్ధతికి సంబంధించి తెలుగు రాష్ట్రాలు చేయగలిగినది ఉంది. 1926లో నెలకొన్న ఆంధ్ర విశ్వకళాపరిషత్తు అదే బంగాళాఖాతపు ఒడ్డున ఉంది. దాని రెండో ఉపాధ్యక్షులు సర్వేపల్లి రాధాకృష్ణన్ స్వయంగా మద్రాసు సైదాపేట శిక్షణ కళాశాలలో ఎల్.టి. చదివినవారు. తెలుగు జిల్లాల నుంచి ఎందరో గురువృత్తి నేర్చుకోవడానికి మద్రాసుకు వెళ్లిన రోజులవి. నాడు మద్రాసు తెలుగువారికి చేసిన సాయం నేడు విశాఖ అండమాన్‌కు చేయవచ్చు. యూజీసీ 2021లో తెచ్చిన విద్యా క్రెడిట్ల నిధి విధానం ప్రకారం ఒక విశ్వవిద్యాలయంలో చదివిన పాఠ్యాంశాన్ని మరొక విశ్వవిద్యాలయపు పట్టాకు జమచేసుకోవచ్చు. ఏటా ఇద్దరో ముగ్గురో తెలుగు విద్యార్థుల కోసం శ్రీవిజయపురంలో ప్రత్యేక అధ్యాపకుణ్ణి నియమించలేకపోవచ్చు. ఆ ఇద్దరు ముగ్గురికి తెలుగు బోధన పాఠాలు విశాఖ నుంచి తెర మీద చెప్పి, బడి అనుభవంలో కొన్ని వారాలు శ్రీకాకుళమో విశాఖో తెలుగు మాధ్యమ బడుల్లో గడిపే ఏర్పాటు చేస్తే, ఖర్చు ఓడ టికెట్టును, వసతిని మించదు. ఎన్‌సీటీఈ అనుమతి, రెండు విశ్వవిద్యాలయాల అంగీకారం దీనికి తప్పనిసరి. బీఈడీ ముఖాముఖిగా నడవాలన్న నిబంధనకు భంగం రాకుండా చూసుకోవాలి. తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు తమ పాఠ్యపుస్తకాలను, ఉపాధ్యాయ కరదీపికలను ద్వీపాల బడులకు ఏటా పంపడం ఇంకా తేలిక.

ఇదంతా ఎందుకంటే తెలుగు మాధ్యమం పట్ల ద్వీపాల తల్లిదండ్రుల మొగ్గు తగ్గుతోందన్న వాదన ఒకటి ఎప్పుడూ వినిపిస్తుంది. తల్లిదండ్రులు ఇంగ్లీషు కోరుకోవడం శ్రీవిజయపురంలో ఒక తీరు, శ్రీకాకుళంలో మరో తీరు కాదు. అయితే కోరిక తగ్గడం ముందా, గురువు లేకపోవడం ముందా అన్నది పరిశీలించాలి. తెలుగు ఉపాధ్యాయుడు బదిలీపై వెళ్లి ఆ ఖాళీ నెలల తరబడి నిండకపోతే, ఆ తల్లి తన బిడ్డను పక్క మాధ్యమంలో చేర్చడాన్ని భాషపై విముఖత అనలేం. మరుసటి సంవత్సరం ఆ తరగతిలో పిల్లలు తగ్గారు కనుక పోస్టు అక్కరలేదని దస్త్రంలో రాస్తారు. ఇంగ్లీషు మాధ్యమం ఎంచుకున్న బిడ్డకూ ఇంటి భాష తెలిసిన గురువు మొదటి రెండు తరగతుల్లో ఎంతో అవసరం. ఇంట్లో వినని భాషలో అక్షరాలు దిద్దించేటప్పుడు పిల్లవాడు ఎక్కడ తడబడుతున్నాడో పట్టుకోగలిగేది అతని భాష తెలిసినవారే.

టెట్ తీర్పు ఇచ్చిన రెండేళ్ల వ్యవధి 2027 సెప్టెంబర్‌తో ముగుస్తుంది. సమీకృత కోర్సు నాలుగేళ్లది. కనుక 2030 నాటికి ద్వీపాల్లోనే చదివిన తొలి బ్యాచ్ బడుల్లో అడుగుపెట్టాలంటే దాన్ని ఎప్పుడు మొదలుపెట్టి ఉండాలో లెక్క కష్టం కాదు. ఇకపై ఆలస్యమయ్యే ప్రతి విద్యాసంవత్సరం ఆ తేదీని అంతే దూరం జరుపుతుంది. ఈలోగా ద్వీపాల పరిపాలన, పుదుచ్చేరి విశ్వవిద్యాలయం, ఎన్‌సీటీఈ కలిసి తేల్చవలసిన మొదటి విషయం, ఒకే పట్టణంలోని రెండు ప్రభుత్వ కళాశాలలు ఉమ్మడిగా దరఖాస్తు చేస్తాయా, లేదా అన్నది.